అడుగు పడనివ్వని భయాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలో ఒకే మాట కనిపించింది: "కాస్త ధైర్యం వచ్చాక మొదలుపెడదామని చూస్తున్నాను." ఆ ధైర్యం ముందుగా రాదు. పని తప్పించుకున్న ప్రతిసారీ గుండె తేలికపడుతుంది. రేపు కూడా తప్పించుకోవడానికి మనసుకు మనమే ఇచ్చుకునే లంచం ఆ తేలికదనం. అందుకే కింది జవాబుల్లో "భయపడకండి" అని ఎక్కడా రాయలేదు. ఎంత భయాన్ని, ఎంతసేపు, ఎన్నిసార్లు ఓర్చుకోవాలో మాత్రం రాశాం.

ప్రశ్న: నా వయసు 41. నాలుగేళ్ల కిందట కారు లైసెన్సు తీసుకున్నాను. పదిసార్లు కూడా నడపలేదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి వెనక్కి జారుతుందేమో, సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతే వెనకవాళ్లు తిడతారేమో అని భయం. మావారు పక్కన కూర్చుంటే ఇంకా కంగారు. ఏం చేయాలి?
— ఒక గృహిణి, విజయవాడ

మీరు రాసినది ఒక భయం కాదు, మూడు. జారుతుందేమో, ఆగిపోతుందేమో అన్నవి కాలికి ఇంకా పట్టుబడని పని వల్ల వచ్చినవి. తిడతారేమో అన్నది మనుషుల గురించి. మొదటి రెండింటికీ సాధన చాలు. మూడోదాని సంగతి చివర్లో చూద్దాం.

ముందు సీటు సరిచేసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలామంది ఆడవాళ్లు భర్త అమర్చుకున్న సీటులోనే కూర్చుని నడుపుతారు. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు ఇంకా కొంచెం వంగి ఉండాలి. కాలు పూర్తిగా సాగితే క్లచ్‌ను నెమ్మదిగా వదలడం ఎవరివల్లా కాదు. అప్పుడు బండి ఎగిరి ఆగుతుంది, "నాకు రాదు" అనుకుంటాం. తప్పు మీది కాదు, సీటుది.

ఆదివారం తెల్లవారుజామున ఖాళీ మైదానమో, ఇళ్లు కట్టని లేఅవుటో చూసుకోండి. ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్‌ను అతి నెమ్మదిగా వదలండి. ఒకచోట ఇంజను శబ్దం బరువెక్కి, బండి కదలబోతున్నట్టు ఒంటికి తెలుస్తుంది. డ్రైవింగ్ స్కూళ్లలో దీన్నే బైటింగ్ పాయింట్ అంటారు. అక్కడ రెండు సెకన్లు కాలు నిలిపి మళ్లీ తొక్కండి. ఇలా 20 సార్లు. మర్నాడు ఇంకో 20.

తర్వాత ఇంజనును కావాలనే ఆపేయండి. అంటే క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేయండి. బండి ఒక కుదుపు కుదిపి ఆగుతుంది. వెంటనే బ్రేకు, క్లచ్ రెండూ తొక్కి, గేరు న్యూట్రల్‌కు తెచ్చి, స్టార్ట్ చేసి, ఫస్ట్ గేరు వేసి కదలండి. పిల్లల చేత ఫోన్‌లో టైము చూపించుకోండి. మొదటిసారి అర నిమిషం పట్టినా, పదోసారికి పది సెకన్ల దగ్గరికి వస్తుంది. సిగ్నల్ భయానికి మాకు తెలిసిన మందుల్లో ఇదే గట్టిది. ఏది జరుగుతుందని భయపడుతున్నారో అది మీ చేతులమీదుగానే పదిసార్లు జరిగిపోయి ఉంటుంది.

వాలు మీద కదలడానికి హ్యాండ్‌బ్రేకే మీ స్నేహితురాలు. హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచండి. ఫస్ట్ గేరులో క్లచ్‌ను బైటింగ్ పాయింట్ దాకా వదిలి, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కండి. బండి ముందుకు లాగుతున్నట్టు తెలిశాకే హ్యాండ్‌బ్రేకు దింపండి. అలా చేస్తే బండి వెనక్కి జారదు. కొన్ని కొత్త కార్లలో హిల్ హోల్డ్ సదుపాయం ఉంటుంది, బ్రేకు వదిలాక కూడా సుమారు రెండు సెకన్లు బండిని పట్టి ఉంచుతుంది. మీ కారులో ఉందో లేదో మాన్యువల్‌లో చూడండి. ఒక హెచ్చరిక: ఈ సాధన అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద మొదలుపెట్టకండి. అది ఫ్లైఓవర్ కంటే నిటారుగా ఉంటుంది, పైగా పక్కనే గోడ.

ఇక రోడ్డు. ఒక కాగితం మీద మెట్లు రాసుకుని, ఒక్కో మెట్టుకు భయం పదికి ఎంతో మార్కులు వేయండి. కాలనీలో ఒక చుట్టు 3. పాలప్యాకెట్ తేవడం 4. పొద్దున 6 గంటలకు బందరు రోడ్డు 5. అదే రోడ్డు సాయంత్రం 7. పొద్దున బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ 7. సాయంత్రం అదే ఫ్లైఓవర్ 9. ఇవి ఉదాహరణలు, మీ అంకెలు మీవి. 3 లేదా 4 ఉన్న మెట్టుతో మొదలుపెట్టండి. మార్కు సగానికి పడేదాకా ఆ మెట్టునే మళ్లీ మళ్లీ చేయండి. వారానికి నాలుగు రోజులు, రోజుకు అరగంట చాలు. నెలకోసారి మూడు గంటలు నడిపితే ఏమీ ఒరగదు.

అందరూ చేసే తప్పు ఒకటుంది. గుండె దడదడలాడుతుండగానే "ఇవాళ్టికి చాలు" అని ఇంటికి తిరిగిపోవడం. అప్పుడు మనసుకు గుర్తుండేది ఆ దడ ఒక్కటే. అలాంటప్పుడు బండి పక్కకు తీసి, ఇండికేటర్లు వేసి, దడ తగ్గేదాకా కూర్చోండి. తర్వాత ఇంకో కిలోమీటరు నడిపి అప్పుడు తిరగండి. పండగలో, పెళ్లిళ్లో వచ్చి రెండు మూడు వారాలు ఆగిపోతే కొంత భయం తిరిగి వస్తుంది. ఒక మెట్టు కిందికి దిగి మొదలుపెడితే సరిపోతుంది.

మీవారి విషయం. మొదటి నాలుగైదు రోజులు ఆయన బదులు డ్రైవింగ్ స్కూలు వాళ్ల డ్యూయల్ కంట్రోల్ కారు (శిక్షకుడి కాళ్ల దగ్గర కూడా బ్రేకు ఉండేది), ఒక శిక్షకుడు మేలు. ఆయనే రావాలంటే ముందే ఒప్పందం చేసుకోండి: "బ్రేకు", "ఎడమ", "కుడి" తప్ప నాలుగో మాట వద్దు. కాలనీ మెట్లు దాటాక మాత్రం ఒంటరిగా వెళ్లండి. ఆయన పక్కనుంటే "ఆయన ఉన్నారు కాబట్టి సరిపోయింది" అని మీ మనసు ఆ మార్కులు ఆయనకే వేస్తుంది.

హారన్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మన రోడ్ల మీద హారన్ తిట్టు కాదు, అలవాటు. ఎర్ర లైటు ఉండగానే కొట్టేవాళ్లు ఉన్న ఊళ్లో దాన్ని మనసుకు పట్టించుకుంటే ఎలా?

ప్రశ్న: వయసు 46. రక్తం తీస్తుంటే రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాను. నాన్నకు, అన్నకు షుగర్ ఉంది. ఈ మధ్య దాహం ఎక్కువైంది, రాత్రి మూడుసార్లు లేస్తున్నాను. ల్యాబుకు వెళ్లాలంటే కాళ్లు రావడం లేదు.
— చిరువ్యాపారి, కరీంనగర్

మిగతా భయాలకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. కుక్కను చూసి భయపడినా, స్టేజీ ఎక్కి భయపడినా బీపీ పెరుగుతుంది, అందుకే సాధారణంగా ఎవరూ పడిపోరు. సూది, రక్తం విషయంలో మాత్రం కొందరికి బీపీ ముందు పెరిగి, తర్వాత హఠాత్తుగా పడిపోతుంది. మెదడుకు రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి. కాబట్టి "ఒళ్లు వదులు చేయండి, గాలి పీల్చండి" అని పక్కవాళ్లు చెప్పే సలహా మీకు ఎదురు తిరుగుతుంది. మీరు ఒళ్లు బిగించాలి.

స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ యోరాన్ ఓస్ట్ 1980ల్లో రూపొందించిన పద్ధతి ఇది. కుర్చీలో కూర్చుని రెండు చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు ఒకేసారి గట్టిగా బిగించండి. 10 నుంచి 15 సెకన్లకు ముఖం వెచ్చబడుతుంది. అదే గుర్తు. అప్పుడు బిగువు తీసేసి మామూలుగా కూర్చోండి, మరీ జారబడొద్దు. 20, 30 సెకన్లు ఆగి మళ్లీ బిగించండి. ఇలా ఐదు విడతలు, రోజుకు ఐదుసార్లు. ముఖం వెచ్చబడలేదంటే చేతులు మాత్రమే బిగిస్తున్నారన్నమాట. అసలు పని చేసేది తొడలూ పొట్టా. ఇప్పటికే బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని చేయకూడదు.

పద్ధతి ప్రకారం సాధన ఒక వారం. మీ లక్షణాలు చూస్తే అంతకు మించి ఆగడం మంచిది కాదు. నాలుగైదు రోజులు చేసి వెళ్లిపోండి. వెళ్లగానే "నాకు కళ్లు తిరుగుతాయి, పడుకోబెట్టి తీయండి" అని టెక్నీషియన్‌కు చెప్పండి. వాళ్లకు ఇది కొత్త కాదు. అరగంట ముందు రెండు గ్లాసుల మంచినీళ్లు తాగండి. పరగడుపు పరీక్షకు కూడా మామూలు నీళ్లు తాగొచ్చు, కాఫీ, టీ కుదరదు. సూది గుచ్చే చెయ్యి వదులుగా ఉంచి, మిగతా ఒళ్లంతా బిగించండి. బిగించిన చేతిలో సూది దిగితే నొప్పి ఎక్కువ. అయ్యాక పది నిమిషాలు పడుకునే ఉండండి. చల్లని చెమట, ఆవలింతలు, చెవుల్లో హోరు మొదలైతే లేవకండి, కాళ్లు ఎత్తులో పెట్టించుకోండి.

మీ ఉత్తరంలో రాయని రెండో భయం ఒకటుంది: రిపోర్టు. తెలియనంతకాలం లేనట్టే అనుకోవడం మనందరికీ అలవాటే. అంకెలు ముందే తెలుసుకుంటే ఆ చీకటి కొంత తగ్గుతుంది. పరగడుపున 126 లేదా ఆపైన, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్ష) 6.5 లేదా ఆపైన ఉంటే షుగర్ ఉన్నట్టు లెక్క. మామూలుగా రెండో పరీక్షతో ఖాయం చేస్తారు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 అయితే ఇంకా షుగర్ రాలేదు కానీ అంచున ఉన్నారు. ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. నరం నుంచి రక్తం తీయించుకోవడం ఇవాళ మరీ కష్టమనిపిస్తే, ముందు గ్లూకోమీటర్‌తో వేలి చుక్క చూపించుకోండి. 200 దాటితే ఇక సాధన సంగతి పక్కనపెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చూస్తారు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. తెలుగు మీడియం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి ఏడాది. రోజూ టీములో ఒక్కొక్కరం పని ఎంతవరకు వచ్చిందో చెప్పే స్టాండప్ మీటింగ్‌లో నా వంతు వచ్చేసరికి గొంతు ఎండిపోతుంది. రాసుకుని చదివేస్తాను. ఎవరైనా ప్రశ్న వేస్తే బుర్ర ఖాళీ. ఒక మాత్ర వేసుకుంటే వణుకు తగ్గుతుందని రూమ్మేట్ అంటున్నాడు.
— ఒక ఉద్యోగి, వయసు 24

మాత్ర సంగతి ముందు. మీ రూమ్మేట్ చెప్పేది బహుశా ప్రొప్రనొలాల్. గుండె వేగం, చేతుల వణుకు తగ్గిస్తుంది, నిజమే. ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం. నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు, బీపీ తక్కువున్నవాళ్లకు కూడా మంచిది కాదు. డాక్టరు చూడకుండా వేసుకోవద్దు. అదీగాక రోజూ జరిగే పది నిమిషాల మీటింగుకు మాత్ర మింగితే, మాత్ర లేని రోజు రెట్టింపు భయం.

మీ అసలు శత్రువు ఆ రాసుకున్న కాగితమే. అది ఆసరాలా కనిపిస్తుంది కానీ, చదువుతున్నంతసేపూ మీ దృష్టి తర్వాతి వాక్యం మీదే ఉంటుంది, ఎదుటివాళ్ల మాట చెవిన పడదు. అందుకే ప్రశ్న రాగానే బుర్ర ఖాళీ. కాగితం మీద మూడు మాటలే ఉంచండి: నిన్న, ఇవాళ, అడ్డంకి. ముందురోజు రాత్రి ఆ మూడింటి మీద 45 సెకన్లు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేయండి. ఐదుసార్లు, ఐదూ వేర్వేరు వాక్యాలతో. ఒకే వాక్యాన్ని కంఠస్థం చేస్తే మళ్లీ మొదటికే వస్తారు.

గొంతు ఎండటం ఒంట్లో అడ్రినలిన్ పెరగడం వల్ల. ఒక గుక్క నీళ్లతో సరిపోతుంది. గొంతు వణకడానికి కారణం ఊపిరి పైపైనే ఆగిపోవడం. మీటింగుకు ముందు నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి, ఐదుసార్లు. వీలైతే మీ వంతు చివర్లో కాకుండా మొదటి రెండు మూడింటిలో వచ్చేలా టీమ్ లీడ్‌ను అడగండి. ఎదురుచూసే ఏడు నిమిషాలే మాట్లాడే ఒక్క నిమిషం కంటే కష్టం.

ప్రశ్నలకు "ఇలా అయితే అలా" అని ముందే కట్టి ఉంచుకోండి. మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో దీని గురించి విపులంగా రాశారు. 'ధైర్యంగా ఉంటాను' అనుకోవడం కంటే 'ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను' అనుకోవడం పనిని ముందుకు నడిపిస్తుంది. ప్రశ్న అర్థం కాకపోతే "యూ మీన్ ది లాగిన్ పేజ్ ఇష్యూ?" అని తిరిగి అడుగుతాను. జవాబు తెలియకపోతే "లెట్ మీ చెక్ అండ్ అప్‌డేట్ బై ట్వెల్వ్" అంటాను. పన్నెండుకు చెప్పి తీరాలి మరి! ఇలాంటి వాక్యాలు ఒక 20 ఉంటే స్టాండప్ గడిచిపోతుంది. ఇక్కడ భయం ఎంత, భాష తక్కువవడం ఎంత అన్నది నిజాయితీగా చూసుకోండి. తెలుగులో ఇదే విషయం అదే టీములో చెప్పగలిగితే మీకు కావాల్సింది ధైర్యం కాదు, ఆ 20 వాక్యాలు.

అందరూ నా తప్పులే చూస్తున్నారన్న ఊహను కూడా కొలిచి చూశారు. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులకు వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మున్న టీషర్టు తొడిగి నలుగురున్న గదిలోకి పంపారు. గదిలో సగం మంది గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించినది దాదాపు పావు వంతే. మీరూ చిన్నగా చేసి చూడండి. ఒక రోజు కావాలనే ఒక వ్యాకరణ తప్పు మాట్లాడండి. ఏమవుతుందనుకున్నారో ముందు రాసుకోండి, ఏమైందో తర్వాత రాయండి. రెండు వారాలకు ఆ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చదవండి.

ప్రశ్న: పెదనాన్నగారి అబ్బాయికి 80 వేలు అప్పిచ్చాను. నోటు రాసి రెండున్నరేళ్లు దాటింది. వయసులో పెద్దవాడు, అడగాలంటే నోరు పెగలడం లేదు.
— గుంటూరు జిల్లా పాఠకుడు

మొహమాటానికి గడువు లేదు కానీ నోటుకు ఉంది. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి రాసిన తేదీ నుంచి మూడేళ్లే. ఆ లోపు కొంత ఇచ్చినా సరే, నోటు వెనక తేదీ వేసి, ఆయన చేతిరాతతోనో సంతకంతోనో చెల్లు వేయించుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. కొత్త నోటు రాయించుకున్నా సరే. గడువు దాటాక వేయించిన చెల్లుకు ఆ బలం ఉండదు.

ఆయన ఇంటికి ఒక్కరే వెళ్లండి, పెళ్లిలోనో తద్దినంలోనో అడగొద్దు. "అన్నయ్యా, ఆ 80 వేల సంగతి మాట్లాడదామని వచ్చాను. ఈ నెల ఎంత ఇవ్వగలవు, మిగతాది ఎప్పటికి?" ఇంతే. "ఏమీ అనుకోకు" అని మొదలుపెట్టకండి, అనుకోవడానికి మీరే దారి చూపినట్టవుతుంది. పిల్లాడి ఫీజని లేని అవసరం కల్పించకండి, ఫీజు కట్టేశాక మళ్లీ అడగలేరు. అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు విప్పొద్దు. మనవాళ్లు అక్కడే ఓడిపోతారు: ఆ మౌనం భరించలేక "పర్లేదులే, నెమ్మదిగా చూసుకో" అనేస్తారు. ఇంటి దగ్గర ఆ రెండు వాక్యాలనూ పదిసార్లు పైకి అని వెళ్లండి. ఐదు వేలు ఇచ్చినా తీసుకుని చెల్లు వేయించండి. దానికీ ఒప్పుకోకపోతే గడువు లోపే వకీలును కలవండి.

ప్రశ్న: మా అబ్బాయికి 22. బస్సులో రెండు మూడుసార్లు గుండె ఆగిపోతున్నట్టు, ఊపిరాడనట్టు అయింది. ఈసీజీ బాగానే ఉందన్నారు. నాలుగు నెలలుగా గడప దాటడం లేదు.
— ఒక తల్లి, హనుమకొండ

అమ్మా, ఇది ఉత్తరంతో తేలేది కాదు, సైకియాట్రిస్ట్‌ను కలవాలి. మీరు రాసినదాన్ని బట్టి పానిక్ దాడులు, వాటి భయంతో బయటికి వెళ్లడం మానేయడం అయి ఉండొచ్చు. ఆ దాడి సాధారణంగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరి దిగిపోతుంది. అది తెలియక ప్రతిసారీ ఆసుపత్రికి పరుగెత్తితే, ఈసీజీ ఇచ్చే ఊరట ఆ సాయంత్రం వరకే. థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించండి, అది ఎక్కువైనా ఇలాంటి దడే వస్తుంది. చికిత్సలో మాటల ద్వారా చేసేది, మందులు, లేదా రెండూ ఉంటాయి. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో కంగారు కాస్త పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. అప్పుడే మానేసేవాళ్లు ఎక్కువ. వెంటనే నెమ్మదింపజేసే నిద్రమాత్రల జాతి మందులు మెడికల్ షాపులో అడిగి తెచ్చి ఇవ్వొద్దు, అలవాటు పడతాయి.

ఇంట్లో మీరు చేయగలిగింది: "మగపిల్లాడివి, ధైర్యం తెచ్చుకో" అనకండి. అలాగని వాడి పనులన్నీ మీరే చేసిపెట్టకండి. ఈ వారం గేటు దాకా, పై వారం వీధి చివరి కిరాణా కొట్టు దాకా మీరు పక్కన నడవండి, దడ వస్తే అక్కడే నిలబడండి, తగ్గాక తిరగండి. డాక్టరు దగ్గరకు రానంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే మాట్లాడినా పర్వాలేదు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ ప్రభుత్వానిదే. చనిపోవాలనే మాట వాడి నోట వస్తే మాత్రం వారం కాదు, ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ను, 67 ఏళ్లు. కూరగాయల అమ్మాయి కూడా ఫోన్‌లో కొట్టమంటోంది. పింఛను డబ్బు పోతుందేమోనని భయం.
— రాజమహేంద్రవరం

మాస్టారూ, మీ భయంలో సగం న్యాయమే, దాన్ని పోగొట్టుకోవద్దు. పింఛను పడే ఖాతాను ఫోన్‌కు కలపకండి. ఇంకో సేవింగ్స్ ఖాతాలో రెండు మూడు వేలు ఉంచి దాన్నే కలపండి. ఏం జరిగినా పోయేది అంతకు మించదు. ఇక గుర్తుంచుకోవాల్సింది ఒకటే నియమం: పిన్ నొక్కడమంటే డబ్బు పంపడం. డబ్బు మీకు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఎవరైనా అడిగారంటే దొంగే. ఫోన్ తెర చూపించే యాప్ వేసుకోమన్నవాడూ దొంగే.

మొదట ఇంట్లోవాళ్లకు ఒక రూపాయి పంపండి, ఐదుసార్లు. తర్వాత ఆ కూరగాయల అమ్మాయికి 20 రూపాయలు. స్కాన్ చేశాక తెర మీద వచ్చే పేరు పైకి చదివి, "నీదేనా అమ్మా" అని అడిగాకే పిన్ నొక్కండి. వెనక నిలబడ్డవాళ్లు తొందరపెడితే పెట్టనివ్వండి. డబ్బు కట్ అయి అవతల పడకపోతే కంగారుగా రెండోసారి నొక్కకండి. ఎక్కువసార్లు అదే తిరిగి జమవుతుంది. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు, మోసగాళ్లు కాచుకుని ఉండేది అక్కడే. పాసుపుస్తకం మీదున్న మీ బ్రాంచి నంబరుకే ఫోన్ చేయండి. నిజంగా మోసం జరిగితే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు చెప్పండి. మరో మాట, పిన్‌ను ఫోన్ కవరు లోపల చీటీ మీద రాసి పెట్టే అలవాటు చాలామంది పెద్దవాళ్లకు ఉంది. మీకూ ఉంటే ఇవాళే ఆ చీటీ తీసేయండి.